మొదటి తేలికపాటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్: విశాఖలో కొనబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తెన్నేటి పార్కు దగ్గర సైకిల్‌ని గోడకి ఆనించి టీ తాగుతుంటే చాలు, ఎవరో ఒకరు ఆగుతారు. "ఏటి బాబూ, ఇది సైకిలా, బండా?" అని మొదలై, బరువెంత, కొండెక్కుతుందా, ఎంత పడింది అనేదాకా వెళ్తుంది. ఇప్పటికి నేను రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు కొన్నాను. మొదటిది తప్పుగా కొన్నాను. కాబట్టి కింది జవాబుల్లో కొన్ని చదివి తెలుసుకున్నవి, కొన్ని డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నవి.

"తేలికపాటి" అంటే ఎన్ని కిలోలు?

మామూలు మౌంటెన్ బైక్ 13, 14 కిలోలుంటుంది. పెద్ద మోటారు, పెద్ద బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ 22 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. ఈ రెండింటి మధ్య, 16 నుంచి 19 కిలోల్లో ఉండేవాటినే తేలికపాటివి అంటున్నారు. స్పెషలైజ్డ్ కంపెనీ లీవో ఎస్‌ఎల్, ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్ఈ, ఆర్బియా రైజ్ ఈ కోవలోవి.

బరువు తగ్గించింది మోటారునీ బ్యాటరీనీ చిన్నవి చేసే. బాష్ పెద్ద మోటారు దాదాపు 3 కిలోలు, టార్క్ (అంటే తిప్పే బలం) మామూలుగా 85 న్యూటన్ మీటర్లు. అదే కంపెనీ చిన్న మోటారు ఎస్‌ఎక్స్ దాదాపు 2 కిలోలు, మామూలుగా 55 న్యూటన్ మీటర్లు. ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్ఈలోని టీక్యూ మోటారు ఇంకా చిన్నది, 50 న్యూటన్ మీటర్లు. లీవో ఎస్‌ఎల్ మొదట వచ్చినప్పుడు 35 మాత్రమే. అంటే ఈ తరగతి బండి మిమ్మల్ని మోసుకెళ్లదు. మీరు తొక్కుతుంటే వెనక నుంచి వీపు మీద చెయ్యేసి నెడుతుంది, అంతే. "నేను ఊరికే కూర్చుంటా, అదే ఎక్కాలి" అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేసి స్కూటర్ షోరూంకి వెళ్లడం మంచిది. నిష్టూరంగా కాదు, నిజంగానే చెబుతున్నాను.

బరువు తక్కువైతే కొండెక్కడం బాగా తేలికవుతుంది కదా?

అందరూ అలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒకసారి లెక్క వేసి చూడండి.

కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు. మీ బరువు 75 కిలోలు, నీళ్లు, సామాన్లు 2 కిలోలు, సైకిల్ 18 కిలోలు అనుకుందాం. మొత్తం 95 కిలోలు. అంత బరువుని అంత ఎత్తుకి చేర్చడానికి కావలసిన శక్తి సుమారు 44 వాట్ అవర్లు (బ్యాటరీలో శక్తిని కొలిచేదీ ఇందులోనే). అదే 23 కిలోల సైకిల్ అయితే సుమారు 46. తేడా రెండు చిల్లర! కొండ దృష్టిలో మీరూ సైకిలూ కలిసి ఒక మూట, అందులో పెద్ద భాగం మీరే. నిజంగా ఎత్తు తేలిగ్గా ఎక్కాలంటే ఆ 5 కిలోలేవో మన పొట్టలోంచి తగ్గించుకుంటే లక్షలు మిగులుతాయి.

మరి తేలిక సైకిల్ ఎందుకు? మూడు చోట్ల తెలుస్తుంది. ఒకటి, మీ చేతుల్లో. గట్టు దాటించాలన్నా, పడిపోయిన చెట్టు మీద నుంచి అవతల పెట్టాలన్నా, కారు వెనక క్యారియర్ మీదికి ఎక్కించాలన్నా 18కీ 24కీ తేడా నడుముకి తెలుస్తుంది. రెండు, మోటారు సాయం ఆగిపోయాక. గంటకి 25 కిలోమీటర్లు దాటితే మోటారు తప్పుకుంటుంది. చదును రోడ్డు మీద 27, 28లో వెళ్లే అలవాటున్నవాళ్లకి బరువు బండి అక్కడ గోడలా తగులుతుంది. బ్యాటరీ అయిపోయి ఇంటికి తొక్కుకొచ్చినప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. మూడు, మట్టి దారిలో మలుపుల్లో. తేలికది మాట వింటుంది, బరువుది వాదిస్తుంది.

నా మొదటి సైకిల్ 24 కిలోలు. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్. లిఫ్టులో ముందు చక్రం పైకి లేపి నిలబెడితే గానీ పట్టేది కాదు. ఒక తుపాను రోజున కరెంటు పోయి, మెట్ల మీద నుంచి భుజాన వేసుకుని మోశాను. రెండో అంతస్తు మలుపులో హ్యాండిల్ గోడకి గీసుకుని, సైకిల్ నా మీదకి ఒరిగితే వాచ్‌మన్ వచ్చి పట్టుకున్నాడు. తొక్కిన 50 కిలోమీటర్లకి రాని నొప్పి ఆ నలభై మెట్లకి వచ్చింది. అందుకే ఎవరైనా "ఎన్ని వాట్లు కొనాలి" అని అడిగితే, "మీరు ఎన్నో అంతస్తులో ఉంటారు" అని ఎదురు అడుగుతాను.

లైసెన్సు, నంబర్ ప్లేటు కావాలా?

అక్కర్లేదు, ఈ హద్దుల్లో ఉంటే: మోటారు అరగంట నిరంతర శక్తి 250 వాట్ల లోపు ఉండాలి, సాయం తగ్గుతూ 25 కిలోమీటర్ల వేగం దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోవాలి, తొక్కడం మానేస్తే అంతకుముందే ఆగాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అలాంటిది మోటారు వాహనం కిందకే రాదు. "అన్‌లాక్ చేసి 40లో వెళ్లేలా చేస్తాం సార్" అని మెకానిక్ ఆశ పెడితే, ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. ప్రమాదం జరిగితే ఆ సంగతి బయటికి వస్తుంది. హెల్మెట్ మాత్రం నిబంధన ఉన్నా లేకపోయినా పెట్టుకోండి.

హబ్ మోటారా, మిడ్ డ్రైవా?

హబ్ మోటారు చక్రం ఇరుసులో ఉంటుంది. మిడ్ డ్రైవ్ పెడల్స్ దగ్గర ఉంటుంది. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో ఈ తేడాని తేలిగ్గా తీసుకోకండి.

మిడ్ డ్రైవ్ తన బలాన్ని చైను ద్వారా పంపుతుంది. మీరు చిన్న గేరు వేస్తే మీ కాళ్లతో పాటు మోటారుకీ పని సులువవుతుంది. హబ్ మోటారుకి ఆ సౌకర్యం లేదు. చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే అదీ అంతే నెమ్మదిగా తిరగాలి. నిటారు ఎత్తులో వేగం 8, 9కి పడిపోయినప్పుడు మోటారు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగా మారిపోతుంది. సింహాచలం ఘాట్ రోడ్డులో నా పాత హబ్ సైకిల్ సగం దూరంలో చెయ్యి పెట్టలేనంత కాలింది. తర్వాత దానంతట అదే ఆగిపోయింది. ఇరవై నిమిషాలు పిట్టగోడ మీద కూర్చుని చల్లారబెట్టుకున్నాను. కాలినడకన కొండెక్కుతున్న భక్తులు నన్ను దాటి వెళ్లారు. అప్పన్న దర్శనం వాళ్లకే ముందు దక్కింది.

అలాగని హబ్ మోటారు పనికిరాదని కాదు. బీచ్ రోడ్డు, ఆఫీసు, చిన్న చిన్న ఎత్తులు మీ లోకమైతే అది చవక, చైను మీద భారం ఉండదు, రిపేరు సులువు. మిడ్ డ్రైవ్‌లో చైను, పళ్లచక్రాలు త్వరగా అరుగుతాయి. చైను కొలిచే చిన్న గేజు ఒకటి కొని నెలకోసారి చూసుకుంటే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) బతుకుతుంది.

సెన్సర్ అంటే ఏమిటి? అమ్మేవాళ్లు చెప్పరేం?

చవక సైకిళ్లలో ఉండేది కేడెన్స్ సెన్సర్. పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే దానికి తెలుసు. మీరు గాలికి తిప్పినా, పళ్లు బిగించి తొక్కినా ఒకటే సాయం. టార్క్ సెన్సర్ మీరు ఎంత గట్టిగా తొక్కుతున్నారో కొలిచి, దానికి తగ్గట్టు కలుపుతుంది. రోడ్డు మీద రెండింటితోనూ సర్దుకుపోవచ్చు. గులకరాళ్ల ఎత్తులో, ఇరుకు మలుపులో, మొదటిది ఒక్కసారిగా తోసి దారి తప్పిస్తుంది. మట్టిలో తొక్కడమే ఉద్దేశమైతే టార్క్ సెన్సర్ లేనిది కొనకండి. ఈ ఒక్క మాటలో నేను మొండిగానే ఉంటాను.

బ్యాటరీ ఎంత ఉండాలి? భీమిలి వెళ్లి రావచ్చా? అరకు?

బ్యాటరీ సైజు ఆంపియర్ అవర్లలో చెబితే వోల్టులతో గుణించండి. 36 వోల్టులు, 10.2 ఆంపియర్ అవర్లు అంటే సుమారు 367 వాట్ అవర్లు. తేలికపాటి మౌంటెన్ బైకుల్లో 320 నుంచి 430 మధ్య ఉంటుంది. పెద్దవాటిలో 600, 750 కూడా ఉంటాయి.

భీమిలి రానూపోనూ ఆర్కే బీచ్ నుంచి 50 కిలోమీటర్లు దాటుతుంది. తక్కువ సాయంలో కిలోమీటరుకి 6, 7 వాట్ అవర్లు వేసుకుంటే 360 వాట్ అవర్ల బ్యాటరీకి అంచున సరిపోతుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవి చివర, వానాకాలంలో గాలి కూడా నైరుతి నుంచే. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే "అబ్బ, నేనింత బాగా తొక్కుతున్నానా" అని మురిసిపోతాం. ఆ గాలే తిరిగొచ్చేటప్పుడు రుషికొండ ఎత్తు దగ్గర ఎదురొస్తుంది. భీమిలి లైట్‌హౌస్ దగ్గరికి వెళ్లేసరికి బ్యాటరీ 60 శాతం కన్నా తక్కువ ఉందంటే, వెనక్కి వచ్చేటప్పుడు పిసినారితనం తప్పదు.

అరకు వేరే కథ. ఎస్.కోట దాటాక ఘాట్‌లో వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కాలి. 95 కిలోల మూటని వెయ్యి మీటర్లు ఎత్తడానికి సుమారు 260 వాట్ అవర్లు కావాలి. సగం మీరు, సగం మోటారు అనుకుంటే, మోటారులో పోయే వృథా కూడా కలిపి బ్యాటరీ నుంచి 170 దాకా లాగుతుంది. రోడ్డు రాపిడి అదనం. అంటే 360 బ్యాటరీతో ఘాట్ ఎక్కొచ్చు, మీ వంతు సగం మీరు తొక్కితేనే. ఎక్కువ సాయం బటన్ మీద వేలు పెట్టి కూర్చుంటే అనంతగిరి రాకముందే ఖాళీ. ఎస్.కోట దాకా కారులో తీసుకెళ్లి, అక్కడి నుంచి తొక్కడం మొదటిసారికి మర్యాద.

కొన్ని మోడళ్లకి నీళ్ల సీసా ఆకారంలో 160 వాట్ అవర్ల అదనపు బ్యాటరీ దొరుకుతుంది. రోజూ చిన్న బ్యాటరీతో తేలిగ్గా తిరిగి, ఏడాదికి రెండుసార్లు అరకు వెళ్లేటప్పుడు అది తగిలించుకోవడం నాకు తెలివైన పద్ధతిగా కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మా బావగారు వచ్చేటప్పుడు తెస్తానంటున్నారు. తెప్పించుకోమంటారా?

ఇంటికో ఎన్నారై ఉన్న ఊరు కదా, ఈ ప్రశ్న వారానికోసారి వస్తుంది. వద్దు. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని సామానులో గానీ, చేతి సంచిలో గానీ తీసుకురానివ్వరు. ఈ సైకిళ్ల బ్యాటరీ దానికి రెట్టింపు. సైకిల్ వచ్చి బ్యాటరీ రాకపోతే మీ దగ్గరున్నది ఖరీదైన బరువు సైకిల్. పైగా అమెరికాలో మొదటి తరగతి ఈ-బైకులకి సాయం గంటకి 20 మైళ్ల దాకా, అంటే 32 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన హద్దు 25. మోటారు పాడైతే వారంటీ కోసం మళ్లీ బావగారినే బతిమాలాలి. చుట్టరికం చెడగొట్టుకోకండి. ఆయన్ని మంచి హెల్మెట్, ఒక మల్టీ టూల్ తెమ్మనండి.

బడ్జెట్ 50 వేలు. ఏం చేయను?

నిజం చెప్పాలంటే ఆ డబ్బుకి తేలికపాటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ రాదు. పైన చెప్పిన విదేశీ మోడళ్లు లక్షల్లో మాట. 30 నుంచి 60 వేల మధ్య మన దగ్గర దొరికేవి, హీరో లెక్ట్రో, ఈమోటోరాడ్ లాంటివి, ఎక్కువగా హబ్ మోటారువి. లావు టైర్లు, ముందు ఫోర్కు (చక్రాన్ని పట్టుకుని కుదుపు తగ్గించేది) చూసి వాటిని "మౌంటెన్" అంటారు. మట్టి రోడ్డుకి సరే. రాళ్ల దారిలో ఆ ఫోర్కు స్ప్రింగు తప్ప ఏమీ కాదు.

నేనైతే ఆ 50 వేలతో మంచి అల్లాయ్ ఫ్రేము మామూలు మౌంటెన్ బైక్ కొంటాను. స్ప్రింగుకి బదులు గాలితో పనిచేసే ఫోర్కు, తీగకి బదులు నూనె ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ బ్రేకులు ఉన్నది. ఏడాది తొక్కి, కాళ్లకి అలవాటయ్యాక, నిజంగా మోటారు కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. సగం మందికి అవసరం రాదు.

కన్వర్షన్ కిట్ గురించి కూడా అడుగుతారు. పెడల్స్ దగ్గర బిగించే బఫాంగ్ కిట్ మోటారు ఒక్కటే దాదాపు 4 కిలోలు, బ్యాటరీ మరో మూడు. 14 కిలోల సైకిల్ 21 అవుతుంది. తేలికపాటి అన్న మాట అక్కడే పోయింది. వాటిలో కేడెన్స్ సెన్సరే ఎక్కువ. 500, 750 వాట్ల కిట్లు బజార్లో దొరుకుతాయి గానీ, లైసెన్సు అక్కర్లేని హద్దు దాటేస్తాయి. చేతిపని ఇష్టమున్నవాళ్లకి 250 వాట్లది మంచి కాలక్షేపం.

వెనక సస్పెన్షన్ కూడా ఉండాలా?

మొదటి సైకిల్‌కి అక్కర్లేదు. ముందు 100, 120 మిల్లీమీటర్ల ఫోర్కు మన మట్టి దారులకి చాలు. వెనక సస్పెన్షన్ అంటే ఒకటిన్నర, రెండు కిలోల అదనపు బరువు, ఉప్పు గాలికి తుప్పు పట్టే మరో అరడజను బేరింగులు.

టైర్లు?

ట్యూబ్‌లెస్, 2.3 అంగుళాలకి తగ్గకుండా, లోపల సీలెంట్ (చిల్లుల్ని మూసేసే ద్రవం) పోసి. మన దగ్గర రాయి కన్నా ముల్లే శత్రువు. ఆనందపురం వైపు పొలం గట్ల మీద పల్లేరు కాయలు, చెరువు గట్ల చుట్టూ సర్కారు తుమ్మ. ట్యూబుతో వెళ్లిన మొదటి ఆదివారం నాకు ఒకే పూటలో మూడు పంక్చర్లు. సీలెంట్ ఈ ఎండలకి మూడు నాలుగు నెలల్లో గడ్డకడుతుంది. మళ్లీ పోయించాలి. గాలి 25 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి మీ బరువుని బట్టి మార్చుకోండి. పెట్రోల్ బంకులో 50 కొట్టించుకుని "సైకిల్ ఎగిరిపడుతోంది" అంటే తప్పు సైకిల్‌ది కాదు.

బ్రేకులు ఏవి చూడాలి?

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు రోటర్ (బ్రేకు పట్టే డిస్కు) 180 మిల్లీమీటర్లు. ఎక్కడానికి మోటారు సాయం చేస్తుంది గానీ దిగేటప్పుడు ఏమీ చేయదు. యారాడ కొండ దిగేటప్పుడు బ్రేకుని పట్టుకునే ఉండకుండా, గట్టిగా పట్టి వదులుతూ దిగండి, లేకపోతే ప్యాడ్లు కాలి వాసనొస్తుంది. ఉప్పు తేమకి తీగ బ్రేకుల కేబుళ్లు బిగుసుకుపోవడం ఇక్కడ మామూలే.

ఉప్పు గాలి, వానలకి తట్టుకుంటుందా?

బీచ్ రోడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడవండి. వారానికోసారి మంచినీళ్లు మగ్గుతో పోసి కడగండి. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెజర్ గన్ కొట్టించకండి. నీళ్లు బేరింగుల్లోకి, మోటారు సీళ్లలోకి దూరతాయి. బ్యాటరీ కనెక్టరు పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే ఆలస్యం చేయకుండా శుభ్రం చేయించి, ఎలక్ట్రికల్ గ్రీజు పలచగా రాయండి. సముద్రం వైపు బాల్కనీ సైకిల్‌కి జైలు శిక్షే. లోపలి గదిలో చోటు ఇవ్వండి, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

వానలో తొక్కొచ్చు. నీళ్లు నిలిచిన రైల్వే అండర్‌బ్రిడ్జిలోంచి మాత్రం తొక్కకూడదు. చినుకులకి తట్టుకోవడం వేరు, మునగడం వేరు.

ఛార్జింగ్ ఎలా? కరెంటు బిల్లు పెరుగుతుందా?

360 వాట్ అవర్ల బ్యాటరీ నిండటానికి అర యూనిట్ కూడా పట్టదు. బిల్లు గురించి టెన్షన్ వద్దు.

జాగ్రత్త వేరే చోట కావాలి. మే నెల మధ్యాహ్నం తొక్కి వచ్చి వేడి బ్యాటరీని వెంటనే ఛార్జర్‌కి పెట్టకండి. గంట చల్లారనివ్వండి. వారాలపాటు వాడకపోతే సగం ఛార్జితో ఉంచండి. ఫ్లాటు గుమ్మం దగ్గర, బయటికి వెళ్లే దారిలో ఛార్జింగ్ పెట్టకండి. ఏదైనా అంటుకుంటే బయటపడే దారే మూసుకుపోతుంది. రాత్రంతా పెట్టి పడుకోవడం, కింద పడి సొట్టపోయిన బ్యాటరీని వాడటం, వేరే బండి ఛార్జరు తగిలించడం, మూడూ వద్దు.

ఎక్కడ తొక్కాలి?

కంబాలకొండ గురించే అందరూ అడుగుతారు. అది వన్యప్రాణి అభయారణ్యం. చిరుతలు తిరిగే అడవి. టిక్కెట్ కౌంటర్లో అటవీ శాఖవాళ్లు ఏ దారిలో సైకిల్‌కి ఒప్పుకుంటే అక్కడే, పగటిపూటే. ఎర్రమట్టి దిబ్బల మీద తొక్కకండి. ఆ ఇసుక వేల ఏళ్లుగా పేరుకున్నది, అది భూవారసత్వ స్థలం. టైరు పడిన చోట వాన కోసేస్తుంది. తొట్లకొండకి వెళ్లే తారు రోడ్డు మొదటి ఎత్తుగా బాగుంటుంది. పైన బౌద్ధ శిథిలాల దగ్గర దిగి నడవాలి. పెందుర్తి, ఆనందపురం దాటాక ఊళ్లని కలిపే మట్టి బాటలు ఉన్నాయి, వాటిని ఎవరూ మెచ్చుకోరు గానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకన్నా మంచి బడి లేదు.

షాపులో ఏం పరీక్షించాలి?

ఎత్తు లేని వీధిలో ఒక చుట్టు తిప్పి "సూపర్ సార్" అంటే నమ్మకండి. ఎత్తున్న వీధికి తీసుకెళ్లమనండి. మన ఊళ్లో దానికి కొదవలేదు. ఎత్తు మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. మోటారు ఎంత త్వరగా అందుకుంటుందో, ముందు చక్రం లేస్తుందో చూడండి. తర్వాత మోటారు పూర్తిగా ఆపేసి అదే ఎత్తు ఒకసారి, చదునులో కిలోమీటరు తొక్కండి. అది నరకంలా ఉంటే కొనకండి, ఎందుకంటే ఏదో ఒక రోజు అలాగే ఇంటికి రావాలి. సీటు మీద నుంచి దిగి రెండు కాళ్లూ నేల మీద పెట్టినప్పుడు పై గొట్టానికీ మీకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. బ్యాటరీ విడిగా ఎంతకి అమ్ముతారో, ఎన్నాళ్లలో తెప్పిస్తారో బిల్లు రాయించే ముందే అడగండి. చివరగా, సేల్స్ కుర్రాడు వింతగా చూసినా సరే, సైకిల్‌ని రెండు చేతులతో పట్టుకుని షాపు మెట్లు ఎక్కించి, దించండి.